ఎర్రపొట్ట, నల్లపొట్ట

మొదటి పురుగు నన్ను కుట్టింది పుంగనూరు దగ్గర మా నాన్న చేలో. తొంభైల మధ్యలో మాట. అప్పట్లో నేను జంతుశాస్త్రంలో ఎం.ఫిల్. చేస్తూ, మదనపల్లెలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. వేరుశనగ పూత మీద ఉంది. ఒక ఆకు కింద ఎర్ర గొంగళిపురుగు వేలాడుతుంటే, బతికుందో చచ్చిందో చూద్దామని వేలు పెట్టాను. దాన్ని పట్టుకుని పీలుస్తున్న ఇంకో పురుగు నాకు కనపడలేదు. చూపుడువేలి నుంచి మోచేతి దాకా మంట పాకింది.

ఏళ్ళ తరబడి మా చేలో కలుపుకి వచ్చే ఒకామె ఉండేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె కొడవలి పక్కన పెట్టి వచ్చి నా వేలు చూసింది. ఆ పురుగు పేరేమిటని అడిగితే, దానికి పేరేమీ లేదంది. కుడితే తేలు కుట్టినట్టే ఉంటుందని, కంబళిపురుగుల్ని తింటుంది గనుక తాము దాని జోలికి పోమని చెప్పింది. నేను మంటతోనే దాన్ని సీసాలోకి తోసి మూత పెట్టాను. నల్లటి ఒళ్ళు, సన్నటి తల, పొట్ట అంచులు నెత్తురు రంగు. కాళ్ళు ముడుచుకుని సీసా గోడకి ఆనుకుని నన్ను చూస్తున్నట్టే ఉంది.

మదనపల్లెలో నాకు పరిశోధన నేర్పుతున్న సారు, ఆ సీసా చూడగానే కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నారు. ఆయన ఇంకో కాలేజీలో లెక్చరర్. రిటైర్మెంటు దగ్గరపడింది. జీవితమంతా ఈ హంతక పురుగుల మీదే పనిచేశారు. పంట పురుగుల్ని చంపే పురుగుకి హంతకుడని పేరు పెట్టినవాడెవడో రైతు మాత్రం కాడని అనేవారు.

ఆయన దగ్గర మొదటి పాఠం ముక్కు. నల్లి జాతి పురుగులన్నింటికీ పీల్చే ముక్కు ఉంటుంది. మొక్కల రసం తాగేవాటికి అది సన్నగా, నిటారుగా, మామూలుగా నాలుగు కణుపులతో ఉంటుంది. వీటిది మూడు కణుపులతో, కొడవలిలా వంగి, తల కింద దాక్కుని ఉంటుంది. గొంగళిపురుగు ఒంట్లో గుచ్చి లాలాజలం వదులుతుంది. లోపలిదంతా కరిగి జావవుతుంది. ఆ జావను పీల్చేస్తుంది. మిగిలేది తోలు సంచి. ముక్కు కొసను రొమ్ము కింద ఉన్న గరుకు గాడిలో రుద్దితే చిన్న కీచుమనే చప్పుడు వస్తుంది. సారు పట్టకారుతో పట్టుకుని నా చెవి దగ్గర పెట్టినప్పుడు విన్నాను. దానికి కోపం వచ్చిందో భయం వేసిందో అడిగితే, అది మన శాస్త్రం కాదమ్మా అన్నారు.

ఆ తర్వాత వర్గీకరణ. ఒక పాత పుస్తకంలో కీ అనే పద్ధతి ఉండేది. ముందుకాళ్ళకి జిగురుందా, అయితే ఇటు పో. తొడల కింద మెత్తలున్నాయా, అయితే అటు పో. రెక్కలు లేవా, ఇంకో పేజీకి పో. అలా పోతూ పోతూ చివరికి ఒక పేరు దగ్గర ఆగాలి. నేను ప్రతిసారీ ఎక్కడో దారి తప్పి, మొదటి పేజీకే తిరిగి వచ్చేదాన్ని. రెండో నెలకి అర్థమైంది, నేనొక్కదాన్నే కాదు, పుస్తకం రాసినవాళ్ళూ కొన్నిచోట్ల తప్పిపోయారని.

మా చేలో పట్టిన పురుగులు మూడు రకాలుగా ఉన్నాయి. కొన్నింటికి పొట్ట ఎర్రన. కొన్నింటికి పూర్తిగా నల్లన. కొన్నింటికి ఎరుపు మీద నల్లమచ్చలు. మిగతా ఒళ్ళంతా ఒక్కలాగే ఉంది. పుస్తకంలో ఎర్రపొట్టదానికే పేరుంది. మచ్చలది ఎర్రదానిలో కాస్త తేడా అయ్యుంటుందని, నల్లది మాత్రం ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని కొత్త జాతి అని సారు నమ్మకం. ఎన్నో ఏళ్ళుగా నల్లపొట్టవాటిని సూదులకు గుచ్చి పెట్టెలో దాచుకున్నారు. దానికి మదనపల్లె పేరే పెట్టాలని, వెనక ఒక లాటిన్ తోక తగిలించి, కాగితం మీద రాసి కూడా ఉంచారు. కావలసింది ఒక్కటే. ఎర్ర తల్లికి ఎర్రవే, నల్ల తల్లికి నల్లవే పుడతాయని పెంచి చూపాలి. ఆ పని నాకు పడింది.

నల్ల తల్లుల్ని వెతుక్కుంటూ మళ్ళీ చేనికి పోయినప్పుడు, కలుపు అక్క రెండు మాటలు చెప్పింది. ఎర్రపొట్టదీ నల్లపొట్టదీ జతకట్టి ఉండగా తాను చాలాసార్లు చూశానని మొదటిది. రాళ్ళ కింద మట్టి, చచ్చిన చీమలు వీపున మోసుకుని తిరిగే పురుగొకటి ఉంటుందని, అది నల్లదాని బిడ్డేనని రెండోది. మట్టి మోసే పురుగుని తెచ్చి సారుకి చూపించాను. ఆయన కుంచెతో వీపు మీది చీమల్ని దులిపి, అది వేరే ఉపకుటుంబం పిల్ల అని, చీమల్ని తిని వాటి తోళ్ళనే కప్పుకుంటుందని, నల్లదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని నవ్వారు. నేనూ నవ్వాను. రెండో మాట తప్పయింది గనుక మొదటి మాట కూడా తప్పేనని ఎప్పుడు అనేసుకున్నానో నాకే తెలియదు. నోటుబుక్కులో రాసుకోను కూడా లేదు.

మదనపల్లెలో నేను ఉండేది మా మేనత్త ఇంట్లో. అత్త పట్టుపురుగులు పెంచేది. ఆ గదిలోకి కాళ్ళు కడుక్కోకుండా ఎవరూ పోకూడదు. పురుగుల్ని చంపే పురుగుల్ని ఆ ఇంటికే తెచ్చానని తెలిసినా అత్త పొమ్మనలేదు. ముందుగది కిటికీ గట్టు ఇచ్చింది. పట్టుపురుగుల గది గడప అవి దాటితే నేను కూడా ఇల్లు దాటవలసిందేనని చెప్పింది. కానీ గొంగళిపురుగులు దొరకని వారాల్లో, జబ్బు చేసి ఏరిపారేసే పట్టుపురుగుల్ని తనే ఒక చేటలో పోసి నా గట్టు దగ్గర పెట్టేది.

గాజు సీసాలు ఏడు. నాలుగింట్లో ఎర్ర తల్లుల గుడ్లు, మూడింట్లో నల్ల తల్లులవి. గుడ్లు ఆకుకి అతుక్కుని, చిన్న చిన్న జాడీలు వరసగా నిలబెట్టినట్టు గుంపుగా ఉంటాయి. పిల్లలు బయటికి వచ్చాక అయిదుసార్లు చర్మం విడిచి, చివరిసారి రెక్కలతో పెద్దవవుతాయి. పట్టుపురుగు చర్మం విడవడాన్ని అత్తవాళ్ళు జ్వరం అంటారు. అందుకని నా పురుగులకి కూడా ఇది మూడో జ్వరం, ఇది నాలుగో జ్వరం అని తనే లెక్క చెప్పేది. నాకంటే ముందే ఆమెకి తెలిసిపోయేది, ఏ సీసాలో ఏది జ్వరంలో ఉందో. పిల్లలన్నీ ఇంచుమించు ఒకటే రంగు. పొట్ట రంగు తేలేది పెద్దవయ్యాకే. పైగా కొత్తగా చర్మం విడిచిన పురుగు ముందు ఎర్రగా, మెత్తగా ఉంటుంది. గంటలు గడిచాకే నలుపు ఎక్కుతుంది. ఆకలైతే ఒకదాన్నొకటి తినేస్తాయి కూడా. పొద్దున ఇరవై రెండు లెక్కపెడితే సాయంత్రానికి పంతొమ్మిదే ఉండేవి.

అన్ని సీసాల్లోనూ పెద్దవవుతున్న వారంలో, యూనివర్సిటీ పని మీద నేను తిరుపతికి పోవలసి వచ్చింది. అయిదు రోజులు. తిరిగి వచ్చేసరికి సీసాల మూతిగుడ్డలకి నేను వేసిన రబ్బరు బ్యాండ్ల బదులు పట్టుదారం ముడులు ఉన్నాయి. అత్త శుభ్రం చేసి ఉంటుందనుకున్నాను. ఆమె శుభ్రం అలాంటిది. సీసాలు ఒక్కొక్కటీ వెలుగుకి ఎత్తి చూశాను. ఎర్ర తల్లుల సీసాలు నాలుగింట్లోనూ ఎర్రవి, మచ్చలవి. నల్ల తల్లుల సీసాల్లో అన్నీ నల్లవి. ఒక్కటి తేడా లేదు. లెక్క కొంచెం తగ్గింది, తినేసుకున్నాయని రాసుకున్నాను.

సారు ఆ కాగితాలు చివరిదాకా చూశారు. లోపలికి పోయి నాకు కాఫీ తనే కలిపి తెచ్చారు. కొన్ని నెలలకి ఒక చిన్న పత్రికలో మా వ్యాసం అచ్చయింది. సారు పేరు, దాని పక్కన నా పేరు, కింద మదనపల్లె పేరుతో ఒక కొత్త పురుగు. ఆ సంచికను అత్తకి చూపిస్తే, బొమ్మ బాగుందని చెప్పి దేవుడి గూట్లో పెట్టింది.

ఆ తర్వాత నాకు కుప్పంలో కాలేజీ ఉద్యోగం వచ్చింది. ఇటు తమిళం, అటు కన్నడం వినపడే ఊరు. క్లాసులో ఒకే వాక్యం మూడు భాషల్లో గుసగుసగా తిరిగేది. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి, అత్త కంటి ఆపరేషన్ కోసం కుప్పం వచ్చి నా దగ్గర పది రోజులు ఉంది. ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ, ఇంకో కంటితో ఇల్లంతా తనిఖీ. ప్రాక్టికల్స్ కోసం నా విద్యార్థులు పట్టితెచ్చిన పురుగులు బల్ల మీద సీసాలో ఉన్నాయి. వాళ్ళకి తేడా తెలియక రెండు రంగులూ ఒకదాంట్లోనే వేశారు.

అత్త ఒంటికంటితో సీసా పైకెత్తి చూసింది.

"ఎర్రదీ నల్లదీ ఒక సీసాలోనే ఏసినావే పాపా? ఆ పొద్దు నేను యెంత అవస్థపడి ఏరిపెట్టినానో."

"ఏ పొద్దు అత్తా?"

అత్త మామూలుగా చెప్పుకుపోయింది. నేను తిరుపతికి పోయిన మూడో రోజు కిటికీ తుడుస్తుంటే గట్టు మీది పలక జారి సీసాలన్నీ కింద పడ్డాయి. రెండు పగిలాయి, మిగతావాటి మూతిగుడ్డలు ఊడి పురుగులన్నీ బయటపడ్డాయి. అలాంటివే రెండు ఇంట్లో ఉంటే తెచ్చింది. చేతికి గుడ్డ చుట్టుకుని పురుగుల్ని ఒక్కొక్కటే పట్టింది. సీసాల మీద ఎర్ర అక్షరం, నల్ల అక్షరం రాసిన చీటీలు ఉన్నాయి గనుక ఎర్రవి ఎర్ర చీటీ సీసాల్లో, నల్లవి నల్ల చీటీ సీసాల్లో వేసింది. రెండో మూడో కాలికింద పడ్డాయి. కొన్ని బీరువా కిందికి పోయాయి.

మచ్చలవి ఎక్కడ వేశావని అడిగాను.

"ఎర్రవాటితోనే ఏస్తి. రవ్వంతన్నా ఎరుపు ఉండాది కదా."

"నాకు యాల చెప్పలేదు అత్తా?"

"చెప్తే ఏడుస్తావని. అన్నీ ఏరి సక్కగా పెట్టినా కదా, ఇంకేముండాది చెప్పేదానికి?"

పడకముందు నల్ల సీసాల్లో ఎర్రవి ఎన్ని ఉన్నాయో గుర్తుందా అని అడిగాను. అన్నీ నేల మీదే ఉంటే అదెట్లా తెలుస్తుందని ఆమె నన్నే అడిగింది. నిజమే. నేను బల్ల దగ్గర కూచుని పాత నోటుబుక్కు తీశాను. తిరుపతికి పోయే ముందురోజు పేజీలో, నల్ల తల్లి సీసా ఒకదాంట్లో ఎర్రపొట్టది ఒకటి ఉందని పెన్సిలుతో రాసి ఉంది. పక్కనే, ఇప్పుడే చర్మం విడిచిందేమో, నలుపు ఎక్కాలి, అని నా చేతిరాతే. ఆ మాట ఎలా రాశానో గుర్తు లేదు. అత్త మాట నమ్మాలా, ఆమె కూడా పొరబడిందా, పొరబడకపోతే మా పురుగు ఏమవుతుంది. పది రోజులూ ఆమె కంట్లో చుక్కలు వేస్తూనే ఇదే తిప్పుకున్నాను. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. రావడానికి ఎవరి మీద రావాలో తెలియలేదు.

ఆ వర్షాకాలం మళ్ళీ పుంగనూరు చేలకి పోయాను. కలుపు అక్క ఇప్పుడు కలుపుకి రావడం లేదు. ఊళ్ళో అంగన్వాడీలో ఆయాగా చేరింది. పిల్లలు నిద్రపోయే వేళ చూసి నాతో చేను గట్టు దాకా వచ్చింది. గట్టు పక్క కంది మొక్క మీద, నేనిన్నేళ్ళూ చూడనిది, ఆమె అయిదు నిమిషాల్లో చూపించింది. ఎర్రపొట్ట ఆడది, దాని మీద నల్లపొట్ట మగది.

"అప్పుడే చెప్తి కదమ్మా," అంది. నిష్ఠూరం ఏమీ లేదు.

మట్టి మోసే పురుగు మాట చెప్పి నన్ను తప్పుదారి పట్టించింది కూడా నువ్వేనక్కా అని నోటి దాకా వచ్చింది. అనలేదు. తప్పుదారి పట్టింది నేనే కదా. ఆ పురుగు ఎవరి బిడ్డో ఆమెకి చెబితే శ్రద్ధగా విని, చీమలు మోసేదానికి అమ్మ వేరే ఉందా అని ఆశ్చర్యపోయింది.

ఈసారి కుప్పంలో ఒక్కొక్క పిల్లనూ విడివిడిగా చిన్న గాజు గొట్టంలో పెట్టాను. తల్లి ఎవరో, తండ్రి ఎవరో ప్రతి గొట్టం మీదా రాశాను. గది తాళం నా దగ్గరే. మొదటి జత రెండూ ఎర్రవే. వాటి పిల్లల్లో ఎక్కువ ఎర్రవి, కొన్ని మచ్చలవి, రెండు పూర్తిగా నల్లవి. ఆ రెండూ నలుపెక్కడం నేను కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చూశాను. రెండో జతలో తల్లి నల్లది, తండ్రి ఎర్రది. దానికి మూడు రంగులూ పుట్టాయి. ఆ పిల్లలు పెద్దవై, రంగుతో పని లేకుండా జతకట్టి, వాటి గుడ్లు కూడా పిల్లలయ్యాయి. ఇక చెప్పడానికి మిగల్లేదు. నల్లది వేరే జాతి కాదు. మేము ఒకే ఇంటివాళ్ళని చర్మం రంగు చూసి రెండు కులాలుగా విడదీశాం.

సారు అప్పటికి రిటైరై మదనపల్లెలోనే ఉన్నారు. టమోటా మార్కెట్టు దగ్గరి ఇల్లు. వీధి పొడుగునా ప్లాస్టిక్ క్రేట్ల లారీలు, పులిసిన టమోటా వాసన. ఎలా మొదలుపెట్టాలో బస్సులో పలమనేరు దాకా ఒక రకంగా, అక్కడినుంచి ఇంకో రకంగా అనుకున్నాను. తీరా ఆయన ఎదురుగా కూచున్నాక గాజు గొట్టాల లెక్క కాగితం చేతికిచ్చి, కిందపడిన సీసాల సంగతి ఒక్క బిగిన చెప్పేశాను.

ఆయన కాగితం రెండుసార్లు చదివారు.

"మీ అత్తను ఏమీ అనలేదు కదా?"

"లేదు సార్."

"అనొద్దు. ఆమె చేతనైనంత సరిగ్గా చేసింది. చీటీలు రాసింది మనం."

కాసేపటికి బీరువాలోంచి పెట్టె తెచ్చారు. నల్లపొట్ట మగది ఒకటి సూదికి ఉంది. కింద ఎర్ర చీటీ. కొత్త జాతికి మూలం ఇదేనని చెప్పే చీటీ. దాన్ని చూస్తూ ఒక మాట చెప్పారు. వ్యాసం పంపకముందే ఎర్రదాని మగ అవయవాన్నీ నల్లదాని మగ అవయవాన్నీ కోసి మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూశారట. జాతి వేరైతే తేడా అక్కడ కనపడాలి. ఏమీ కనపడలేదు. మైక్రోస్కోపు పాతది, కళ్ళు పాతవి, తేడా ఉండే ఉంటుంది, నాకు కనపడటం లేదు అనుకున్నారట. ఆ బొమ్మలు వ్యాసంలో పెట్టలేదు.

ఆయన తప్పు పెద్దదా, నా పెన్సిలు వాక్యం పెద్దదా అని ఆ పూట తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయనైతే తేల్చుకునే ప్రయత్నమే చెయ్యలేదు. తెల్లకాగితం తీసుకుని, మేము పెట్టిన పేరు ఇకనుంచి చెల్లదని, అది పాత పేరుకే ఇంకో పేరు మాత్రమేనని, సీసాలు కలిసిపోయిన సంగతితో సహా రాశారు. కోసి చూసిన సంగతీ రాశారు. నా పెన్సిలు వాక్యం నన్ను రాయమన్నారు. రాశాను. పాత చీటీ తీసేయకూడదు, పురుగు కింద అది అలాగే ఉండాలి, దాని కిందే కొత్త చీటీ గుచ్చాలి. ఆ చీటీ నేనే రాసి గుచ్చాను. భోజనం చేసి పొమ్మని ఆయన భార్య పట్టుబట్టింది. సారు పెరుగన్నంలో ఉప్పు వేసుకోవడం మర్చిపోయి తిన్నారు.

దిద్దుబాటు అర పేజీగా అచ్చయింది. కొద్ది కాలానికి ఆ పత్రిక ఆగిపోయింది. ఎవరైనా చదివారో లేదో తెలియదు. చదవలేదనడానికి ఒక ఆనవాలు మాత్రం దొరికింది. కొన్నేళ్ళ తర్వాత, కాలేజీకి ఇంటర్నెట్టు వచ్చాక, ఎక్కడో కర్ణాటకలో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి నాకు ఈమెయిలు రాసింది. మా పాత వ్యాసం తనకి దొరికిందని, తన చేలో పట్టిన నల్లపొట్ట పురుగు మదనపల్లె పేరున్న జాతేనా అని, ఫొటో జత చేసింది. చక్కటి ఫొటో. ముక్కు కణుపులు మూడూ లెక్కపెట్టవచ్చు. అలాంటి జాతి లేదని, అది ఎర్రదేనని రాసి, అర పేజీ దిద్దుబాటు స్కాన్ చేసి పంపాను.

రెండు రోజులకి ఆమె మళ్ళీ రాసింది. కృతజ్ఞతలు చెప్పి, మరి ఒకే తల్లి పిల్లల్లో కొన్ని ఎర్రగా, కొన్ని నల్లగా ఎందుకవుతున్నాయి అని అడిగింది. తిండి వల్లా, ఎండ వల్లా, తల్లిదండ్రుల నుంచి వచ్చిందా. రంగు వేరైతే వాటికి ఏమైనా లాభమా.

ఇన్నేళ్ళలో నేను ఇవి ఒకటా రెండా అన్నదే పట్టుకుని తిరిగాను. ఒకటే అయినప్పుడు ఎందుకిలా అని అడగాలని నాకు తట్టనే లేదు. నాకు తెలియదు అని రాశాను. ఆ ఒక్క వాక్యం బోడిగా కనిపిస్తే, పెంచేటప్పుడు ఒక్కొక్కదాన్ని విడిగా పెట్టమని, నలుపెక్కేదాకా ఆగి రంగు రాసుకోమని, చేలో పనిచేసేవాళ్ళు చెప్పిన ప్రతి మాటనూ, తప్పనిపించినదాన్ని కూడా, తేదీ వేసి రాసుకోమని కింద చేర్చి పంపించాను.